పెంటమ్మ రూతమ్మ అయిన తర్వాత: మన పేటల్లో హెబ్రీ పేర్లకు అర్థం ఎవరు చెప్పాలి?

మా మామ్మకు రెండు పేర్లు. పుట్టినప్పుడు పెట్టింది పెంటమ్మ. పెళ్లయి పిల్లలు పుట్టాక బాప్తిస్మంలో పెట్టింది రూతమ్మ. మూడోది కూడా ఒకటుంది గాని దాన్ని పేరనలేం. కళ్లంలోనూ గట్టు మీదా కామందుల వాకిట్లోనూ ఆమెను పిలిచింది "ఒలే" అనే. కె.కోటపాడు చుట్టుపక్కల పేటల్లో ఇలా మూడు పిలుపులతో బతికిన ముసలివాళ్లు లేని ఇల్లు తక్కువ.

బైబిలు పేర్లకు అర్థాలు చెప్పే చిన్న పుస్తకాలు మన సంఘాల్లో బాగా తిరుగుతాయి. సువార్త సభల దగ్గర పాటల పుస్తకాల పక్కన పెట్టి అమ్ముతారు. బిడ్డ పుడితే పాస్టరుగారు అందులోనే వెతికి పేరు చెబుతారు. ఇప్పుడు అవే జాబితాలు ఫోన్లలోకీ వచ్చేశాయి. ఒకవైపు పేరు, రెండోవైపు అర్థం. రూతు అంటే స్నేహితురాలు. దానియేలు అంటే దేవుడు నా న్యాయాధిపతి. అంతే, అయిపోయింది.

ఈ వ్యాసం ఆ జాబితాల మీద విమర్శ. ఫలానా పుస్తకం మీద కాదు, ఆ రకం మీద. ఎవరి విశ్వాసాన్నీ ప్రశ్నించడానికి మేము కూర్చోలేదు. మా ఇంట్లో రోజూ తెరిచే పుస్తకం బైబిలే. కాకపోతే పేరుకు అర్థం చెప్పడమంటే నిఘంటువు చూసి చెప్పే పని కాదనీ, అందులో అధికారం ఉందనీ, ఆ అధికారం ఇప్పటిదాకా మన చేతిలో లేదనీ మా వాదన.

1. జాబితా ఏం దాస్తుంది

ముందు జాబితాలు చెప్పే నిజం ఒప్పుకుందాం. హెబ్రీ పేర్లలో చాలావరకు చిన్న వాక్యాలే. చివర్న 'ఏలు' ఉంటే అది దేవుడు అనే మాట: దానియేలు, మిఖాయేలు, గబ్రియేలు, ఇమ్మానుయేలు. చివర్న 'యా' ఉంటే అది యెహోవా పేరుకు పొట్టి రూపం: యెషయా, యిర్మీయా, జెకర్యా. మిఖాయేలు ఏకంగా ఒక ప్రశ్న: దేవుని వంటివాడెవడు? ఈ సంగతులు తెలిస్తే పుస్తకం చదవడం రుచిగానే ఉంటుంది.

అయితే ఈ పద్ధతి మనకు కొత్తదా? సింహాచలం అప్పన్న పేరు కలిపి అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనర్సమ్మ. అనకాపల్లి నూకాలమ్మ పేరు కలిపి నూకరాజు, నూకాలు, నూకరత్నం. విజయనగరం పైడితల్లమ్మ పేరు కలిపి పైడిరాజు, పైడమ్మ. దేవుడి పేరో దేవత పేరో తెచ్చి బిడ్డ మీద కాపలా పెట్టడం హెబ్రీవాళ్లూ చేశారు, మన పేటలూ చేశాయి. జాబితా చదివే విద్యార్థికి ఈ మాట ఎవరూ చెప్పరు. వాడికి తెలిసేదల్లా ఒకవైపు అర్థమున్న పరిశుద్ధమైన పేర్లు, రెండోవైపు అర్థంలేని అన్యుల పేర్లు అని.

నిజానికి బైబిల్లోనే ఇలాంటి తుడిచివేత ఒకటి జరిగింది. సౌలు కొడుకు పేరు దినవృత్తాంతాల గ్రంథంలో ఎష్బయలు. అదే మనిషి సమూయేలు గ్రంథంలో ఇష్బోషెతు. యోనాతాను కొడుకు ఒకచోట మెరీబ్బయలు, ఇంకోచోట మెఫీబోషెతు. 'బయలు' అనే మాట తర్వాతి కాలంలో అన్యదేవత పేరుగా గిట్టనిదైపోయింది గనక లేఖరులు దాన్ని తీసి 'బోషెతు', అంటే సిగ్గు, అనే మాట పెట్టారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఒక కాలంలో ఇంటిల్లిపాదీ ప్రేమగా పెట్టుకున్న పేరు ఇంకో కాలంలో సిగ్గయిపోయింది. బాప్తిస్మం రోజున నూకాలును మార్తమ్మ చేసినప్పుడు మన పేటల్లో జరిగింది కూడా ఇదే. ఒక్క తేడా ఉంది. ఇక్కడ సిగ్గుపడమని చెప్పినవాళ్లు ఇద్దరు. ఆ పేరు అన్యం అన్నది మిషను. ఆ పేరు నీచం అన్నది ఊరు.

ఇంకో సంగతి. జాబితాలు చెప్పే అర్థాలన్నీ తేలిపోయినవి కావు. రూతు అంటే స్నేహితురాలు అని ధీమాగా రాస్తారు. రూతు మోయాబు ఆడమనిషి, ఆ పేరు ఏ మూలం నుంచి వచ్చిందన్న దాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మోషే పేరుకు నీళ్లలోంచి తీయడం అనే అర్థం నిర్గమకాండమే చెబుతుంది. కానీ భాషాశాస్త్రం తెలిసినవాళ్లు అందులో పుట్టుకను, కొడుకును సూచించే ఐగుప్తు మాట ఉందంటారు. థుత్మోసు వంటి ఐగుప్తు రాజుల పేర్ల చివర్న ఉన్నది అదే మాట. అంటే హెబ్రీ బానిసల విడుదల నాయకుడికి ఉన్నది యజమానుల భాషలో పేరు. ఆ పేరును హెబ్రీవాళ్లు తమ మాటతో తిరిగి అర్థం చెప్పుకుని సొంతం చేసుకున్నారు. పండితుడి అర్థం ఒకటి, ప్రజల అర్థం ఒకటి. మాకు రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. పెట్టినవాడు ఎవడైనా, అర్థం చెప్పుకునే హక్కు మోసినవాళ్లది.

2. ఏడుపు పేర్లు

పెంటయ్య, పెంటమ్మ, తవుడు, తవిటయ్య, తవిటమ్మ, బిచ్చాలు. ఉత్తరాంధ్రలో ఈ పేర్లు వినని చెవి లేదు. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో కొత్తగా పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి ఇంకొకావిడ చేత తీయించేవాళ్లు. లేదంటే కుంచెడు తవుడుకు అమ్మినట్టు అమ్మి తిరిగి తెచ్చుకునేవాళ్లు. ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేనిది, నువ్వూ వదిలెయ్యి అని చావుతో చెప్పే అబద్ధం అది. ఇది మన కులాల్లోనే ఉన్న ఆచారం కాదు. తవిటినాయుళ్లు కూడా ఉన్నారు. అయితే ఒకే ఆచారం, రెండు ఫలితాలు. తవిటినాయుడులో తవుడును వెనకున్న నాయుడు మోస్తాడు. మన పెంటయ్య వెనక మోసేవాడు లేడు.

మనుస్మృతి రెండో అధ్యాయం బ్రాహ్మణుడి పేరు మంగళంగా, క్షత్రియుడి పేరు బలంగా, వైశ్యుడి పేరు ధనంగా ఉండాలనీ, శూద్రుడి పేరు జుగుప్స పుట్టించాలనీ విధించింది. శూద్రుడికే అదైతే అవర్ణుడి సంగతి చెప్పనక్కర్లేదు. గాబట్టి పెంటయ్య అనే పేరుకు రెండు అర్థాలు. తల్లి నోట్లో అది రక్షరేకు. ఊరి నోట్లో అది మనువు రాసిన విధి. అక్షరాలు అవే. పిలిచే నోరు వేరు. జాబితాలో ఈ నోటికి చోటు లేదు.

హెబ్రీ గ్రంథంలో కూడా ఏడుపు పేర్లు చాలానే ఉన్నాయి. రాహేలు కాన్పులో చనిపోతూ కొడుక్కి బెనోని అని పెట్టింది. నా దుఃఖపు కొడుకు అని. తండ్రి యాకోబు ఆ పేరు మార్చి బెన్యామీను అన్నాడు, కుడిచేతి కొడుకు అని. మన పేటల్లో బెంజిమెన్లు వీధికొకడున్నాడు, బెనోని ఒక్కడూ లేడు. జాబితా తండ్రి పెట్టిన పేరునే ఇస్తుంది, తల్లి పెట్టింది మింగేస్తుంది. మొగుడూ మామా ఒకే రోజు పోయిన ఇల్లాలు బిడ్డకు ఈకాబోదు అని పేరు పెట్టి చనిపోయింది, మహిమ లేదు అని. నొప్పితో కన్నానని ఒక తల్లి బిడ్డను యబ్బేజు అంది. పరాయి దేశంలో మొగుణ్ణీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని బెత్లెహేము తిరిగొచ్చిన నయోమి, నన్ను నయోమి అనకండి, మారా అనండి అని ఊరి ఆడవాళ్లను అడిగింది. నయోమి అంటే మధురం, మారా అంటే చేదు. ఆమె అడిగినా ఆ పేరుతో ఎవరూ పిలిచినట్టు కథలో లేదు.

తేడా కూడా గుర్తించాలి. హెబ్రీ తల్లి తన దుఃఖాన్ని పేరులో పైకి చెప్పింది. మన తల్లి బిడ్డను పేరులో దాచింది. రెండూ కాన్పు మంచం మీద ఆడవాళ్లు చేసిన పనులే.

ఇక్కడొక మాట చెప్పాలి. సమూయేలు మొదటి గ్రంథం రెండో అధ్యాయంలో హన్నా పాట ఉంది. బిడ్డల్లేదని దెప్పులు తిన్న ఆడది బిడ్డను కన్నాక పాడినది. దేవుడు దరిద్రుల్ని ఎక్కణ్ణించి లేవనెత్తుతాడో అందులో చెబుతుంది. అక్కడ తెలుగు బైబిలు వాడిన మాట పెంటకుప్ప. మా మామ్మ పేరు పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది. బాప్తిస్మం ఇచ్చినాయన ఆ పేజీ తెరిచి, నీ పేరు ఇదిగో ఇక్కడుందమ్మా అని చూపించి ఉంటే ఆమె పేరు మార్చుకోవలసిన పని ఉండేదా? మార్చుకున్నా, సిగ్గుతో మార్చుకునేదా?

3. పేరు పెట్టే హక్కు

ఆదికాండంలో యాకోబు పన్నెండుమంది కొడుకులకు పేర్లు పెట్టే ఘట్టం ప్రసిద్ధం. నలుగుర్ని కన్నది దాసీలు, బిల్హా, జిల్పా. దాను, నఫ్తాలి, గాదు, ఆషేరు. ఈ నలుగురికీ పేర్లు పెట్టింది మాత్రం యజమానురాళ్లు రాహేలు, లేయా. ఆ పేర్ల అర్థాలు కూడా యజమానురాళ్ల పోటీ గురించే. కన్న తల్లుల మాట ఒక్కటీ లేదు. జాబితాలో ఆషేరు అంటే ధన్యుడు అని ఉంటుంది. ఎవరు ధన్యులు? జిల్పా అయితే కాదు.

హాగరుది వేరే కథ. ఆమె ఐగుప్తు దాసి. ఆమె పేరులో 'గేర్', అంటే పరదేశి, అనే హెబ్రీ మాట ధ్వనిస్తుందని కొందరంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు అదేనా అని అనుమానం రాక మానదు. ఆ ఇంటి దెబ్బలు తట్టుకోలేక ఎడారిలోకి పారిపోయిన ఆ ఆడది అక్కడ దేవుడికే పేరు పెట్టింది, చూసే దేవుడు అని. అబ్రాహాము కూడా అప్పటికి ఆ పని చెయ్యలేదు. తనకు పుట్టే బిడ్డకు పేరు ఇష్మాయేలు, దేవుడు వింటాడు అని. ఎవరూ చూడనిదానికి చూసే దేవుడు, ఎవరూ విననిదానికి వినే దేవుడు. మన సంఘాల్లో సారమ్మలు కొల్లలు, హాగరమ్మ కనపడదు. బైబిలు పేర్లు తీసుకున్నప్పుడు కూడా మనం యజమానురాలి పేరు తీసుకున్నాం, పనిమనిషి పేరు వదిలేశాం. ఇది మన మీద మనం చేసుకోవలసిన విమర్శ.

నిర్గమకాండం మొదటి అధ్యాయం దీనికి తిరగబడి ఉంటుంది. ఫరో అనేది పదవి పేరు, ఆ రాజు సొంత పేరు రాయలేదు. మగబిడ్డల్ని చంపమన్న అతని ఆజ్ఞను లెక్కచెయ్యని ఇద్దరు మంత్రసానులకు మాత్రం పేర్లున్నాయి, షిఫ్రా, పూయా అని. మన పల్లెల్లో ఊరంతటికీ కాన్పులు చేసింది చాలాచోట్ల మన పేటల ఆడవాళ్లే. ఊరి చరిత్ర రాసినచోట కామందుల వంశవృక్షం ఉంటుంది, బొడ్డుకోసినామె పేరు ఉండదు. షిఫ్రా అంటే అందం అని అర్థం చెప్పి ఊరుకునే జాబితా ఈ ముచ్చటే ఎత్తదు.

యిర్మీయాను బురదగోతిలోంచి పైకి లాగిన కూషీయుడు ఎబెద్మెలెకు సంగతీ అంతే. ఎబెద్మెలెకు అంటే రాజు దాసుడు. అది పేరా, ఉద్యోగమా? ప్రవక్త ప్రాణం కాపాడినవాడికి పనిని బట్టి పిలుపు మిగిలింది. మన ఊళ్లలో "ఒరే కావిలోడా", "ఒరే పాలేరుగా" అన్నట్టే.

4. విశాఖపట్నంలో అక్షరాలు

ఈ పేర్లు మనకు ఏ దారిన వచ్చాయో కూడా చూడాలి. లండన్ మిషనరీ సొసైటీ తరపున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. క్రైస్తవంలోకి వచ్చిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో డెస్ గ్రాంజెస్ చేసిన మూడు సువార్తల తెలుగు అనువాదం 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. అదే మిషనుకు చెందిన ప్రిచ్చెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. ఆ తర్వాత కూడా విశాఖపట్నంలో జాన్ హే తదితరులు తెలుగు బైబిలు పని సాగించారు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టులు తర్వాత ఉత్తరాంధ్ర జిల్లాలకు విస్తరించారు. అంటే హెబ్రీ పేరును తెలుగులో ఎలా రాయాలన్న తొలి ప్రయత్నాలు కొన్ని మనకు దగ్గర్లోనే జరిగాయి. ఆ బల్ల దగ్గర కూర్చున్నది దొరలూ చదువుకున్న పైకులాలవాళ్లూ. ఆ పేర్లను వేలకొద్దీ మోసినవాళ్లు మాత్రం ఆ బల్ల దగ్గర లేరు.

అయినా పేటలు ఊరుకోలేదు. ఎలీసబెతును ఎలిసమ్మ చేశాయి, సమూయేలును సామేలు చేశాయి, మోషేను మోసే చేశాయి. రూతు పక్కన అమ్మను చేర్చాయి. పండితుడు రాసిందాన్ని నోటితో దిద్దడం ఇది. దీన్ని అపభ్రంశం అనేవాళ్లతో మాకు పేచీ ఉంది. యేషూవ గ్రీకు దారిలో యేసు అయితే అది అనువాదం, సమూయేలు పేట దారిలో సామేలు అయితే తప్పా?

అర్థాన్ని తెలుగు చేసిన పేర్లు ఇంకో దారి. దేవదానం అంటే నతనయేలే. దేవసహాయం అంటే ఎలియాజరే. హన్నాలో ఉన్నదే కృపమ్మలో ఉంది. అయితే ఈ తెలుగు సంస్కృతమే.  ఆ సంస్కృతపు పేరు వల్ల కొందరికి బడిలో కాస్త గౌరవం దొరికిన మాటా నిజమే.

మూడో దారి ఇంగ్లీషు. మహాకవి గుర్రం జాషువ (1895–1971) పేరు తెలుగు బైబిలు ప్రకారమైతే యెహోషువ. హెబ్రీలో యేసు పేరూ అదే పేరు. రక్షణ అనే అర్థం ఉన్న పేరు పెట్టుకున్న మనిషిని పంక్తి భోజనంలో లేవగొట్టే సమాజం అది, ఆ అవమానంలోంచే 1941లో 'గబ్బిలం' వచ్చింది. కొలకలూరి ఇనాక్ పేరు బైబిల్లో హనోకు. ఆ పేరు మూలంలో శిక్షణ, ప్రతిష్ఠ అనే అర్థాలున్నాయి. ఆయన 'విమర్శిని'కి 2018లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ ఇద్దరి పేర్లకూ ఇప్పుడు తెలుగు పాఠకుడికి తెలిసిన అర్థం హెబ్రీ నిఘంటువులోది కాదు, వాళ్లు రాసిన రాతలోది.

చుండూరు కూడా చెప్పాలి. 1991 ఆగస్టు 6న అక్కడ చంపబడిన ఎనిమిదిమంది దళితుల్లో ఇమ్మానుయేలు, ఇస్సాకు, సంసోను ఉన్నారు. జాబితాలో ఇమ్మానుయేలు అంటే దేవుడు మనకు తోడు. ఇస్సాకు అంటే నవ్వుతాడు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. చుండూరు తర్వాత ఈ పేర్లకు అర్థం చెప్పేవాడు ఆ ఊరిని దాటుకుని పోలేడు.

5. 'దల్' సంగతి

మన శిబిరంలో తిరిగే ఒక అర్థాన్ని కూడా విమర్శించకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. హెబ్రీలో 'దల్' అనే మాట ఉంది, బలహీనుడు, పేదవాడు అని. దాన్నీ సంస్కృతం 'దల్'నూ కలిపి, దళిత అనే మాట రెండు ప్రాచీన భాషల్లోనూ ఉందని జేమ్స్ మాస్సే వంటి దళిత క్రైస్తవ మేధావులు రాశారు. సభల్లో ఈ మాట చెబితే చప్పట్లు పడతాయి. హెబ్రీ సెమిటిక్ భాష, సంస్కృతం ఇండో యూరోపియన్ భాష. ఈ రెండు మాటలకూ చుట్టరికం చూపే ఆధారం లేదు, ధ్వని కలిసింది అంతే.

చుట్టరికం కంటే తేడాయే మనకు ఎక్కువ పనికొస్తుంది. హెబ్రీ 'దల్' చిక్కిపోయినవాడు. ఎందుకు చిక్కిపోయాడో ఆ మాట చెప్పదు. 'దళిత' అంటే చీలిపోయినది, చితికినది. చితికింది అంటే చితక్కొట్టినవాడు ఎక్కడో ఉన్నాడు. ఈ రెంటినీ ఒకటి చేస్తే చితక్కొట్టినవాడు తప్పించుకుంటాడు, పేదరికం మిగులుతుంది. హన్నా పాటలో పెంటకుప్ప మాటకు ముందు వచ్చే హెబ్రీ మాట ఈ 'దల్' అన్న సంగతి మాకు తెలుసు. ఆ పాటను మనం పాడుకోవడానికి దొంగ చుట్టరికం అక్కర్లేదు. ఆమె పాట ఆమెది, మన మాట మనది, రెండూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోగలవు.

1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ అనే పేరు కాదని ఆది ఆంధ్ర అనే పేరు తీసుకున్నారు. పేరు మార్చుకోవడం అంటే అది. ఎవరో జాబితాలో చూసి ఇచ్చింది కాదు, కూర్చుని చర్చించి తీసుకున్నది.

6. ఎస్తేరు మౌనం

ఇక అసలు నొప్పి దగ్గరికి వద్దాం. దానియేలు గ్రంథం మొదట్లోనే బబులోను రాజు కొలువుకు చదువుకోసం తెచ్చిన నలుగురు కుర్రాళ్లకు అధికారి కొత్త పేర్లు పెడతాడు. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు. మిగిలిన ముగ్గురూ షద్రకు, మేషాకు, అబేద్నెగో. బడిలో చేరాలంటే పేరు మారాలి. ఈ ఘట్టం చదివినప్పుడల్లా మాకు ఒకటో తరగతి గుర్తొస్తుంది. ఇంట్లో మమ్మల్ని పిలిచేది బైబిలు పేరుతో. బడి రిజిస్టరులో రాయించింది వేరే పేరు. రాయించింది మాస్టారు కాదు, మా అయ్యే. ఎందుకని మేము పెద్దయ్యాక అడిగితే ఇలా అన్నాడు: "ఆ పేరు దేముడికి తెలిస్తే సాల్రా. తాసీల్దారుకి తెలకూడదు."

అక్షరం రానివాడు చెప్పిన ఆ మాట వెనక ఇంత చట్టం ఉంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో వెనుకబడిన తరగతుల జాబితా చేసినప్పుడు క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవాళ్లనూ వాళ్ల సంతానాన్నీ బీసీ-సిలో పెట్టి 1 శాతం ఇచ్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యమంది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అంది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదంది.

అంటే "ఒరే" అని పిలిచే ఊరికి మన పేరు మారినా కులం మారలేదు. కాగితం రాసే కచేరీకి మాత్రం మారిపోయింది. దెబ్బ కొట్టేటప్పుడు మాలోడివే, కేసు పెట్టేటప్పుడు క్రైస్తవుడివి.

ఎస్తేరు గ్రంథాన్ని ఈ వెలుగులో చదవాలని మా మనవి. ఎస్తేరు అసలు పేరు హదస్సా. గొంజిచెట్టు అని దాని అర్థం చెబుతారు. ఎస్తేరు అనేది పరాయి కొలువులో పేరు. నీ జనమేదో చెప్పకు అని పెంచిన మొర్దెకై ఆమెకు చెప్పాడు. ఆమె చెప్పలేదు. కోటలో చేరింది, రాణి అయింది. జనమంతటికీ చావు ఆజ్ఞ వచ్చినప్పుడు అదే మొర్దెకై, ఇప్పుడు నోరు మూసుకుంటే నువ్వూ మిగలవు అన్నాడు. మన పేటల్లో ఎస్తేరురాణులు ఎంతమంది! రిజిస్టరులో వాళ్లు ఇంకేదో లక్ష్మి. జాబితా ఎస్తేరు అంటే నక్షత్రం అంటుంది. మాకు కనపడే అర్థం వేరు: బతకడానికి పేరు దాచుకున్నది, చివరికి చెప్పక తప్పనిది.

దాచుకున్నవాళ్లను మోసగాళ్లు అనడం తేలిక. పేరు ఒక్కటే మతానికి రుజువు కాదు, మతం మారితే వెలి పోతుందన్నది అంతకంటే అబద్ధం. రెండు పేర్లు పెట్టుకున్నవాడిది తప్పా, రెండు పేర్లు ఉంటే తప్ప బతకనివ్వని ఉత్తర్వుది తప్పా? మేము ఉత్తర్వుదే అంటాం. ఈ వ్యాసం కింద ఉన్నది కూడా రికార్డు పేరే. ఇంటి పేరేదో ఇక్కడ రాయలేకపోవడమే మా వాదనకు మేమిచ్చే సాక్ష్యం.

7. చెయ్యవలసిన పని

కొందరు మిత్రులు హెబ్రీ పేర్లు వలస పాలన గుర్తులు, వదిలెయ్యాలి అంటారు. కొందరు బౌద్ధ పేర్లు పెట్టుకుందాం అంటారు. ఇంకొందరు నూకాలు, పైడమ్మ దగ్గరికి తిరిగి పోదాం అంటారు. మేము ఏ పేరునూ పోటీకి పెట్టం. మోషే ఐగుప్తు పేరుతోనే బానిసల్ని నడిపించాడు. పేరు ఎక్కణ్ణించి వచ్చింది అన్నదానికంటే, ఎవరు పెట్టారు, ఎవరు ఏ నోటితో పిలిచారు, ఎవరు కాగితం మీద కొట్టేశారు అన్నవే మా ప్రశ్నలు.

గాబట్టి అర్థాల జాబితాలకు బదులు మన జాబితా మనం రాద్దాం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోనూ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న కె.కోటపాడు, చోడవరం, మాడుగుల పేటల విద్యార్థులూ టీచర్లూ తమ ఇళ్లలో మొదలుపెట్టవచ్చు. ఒక్కో మనిషికి నాలుగు గడులు చాలు: పుట్టినప్పటి పేరు, సంఘం పేరు, రికార్డు పేరు, ఊరి పిలుపు. ఒక్కో పేరు పక్కన అది పెట్టిందెవరో రాయాలి. ముసలమ్మల్ని ముందు అడగాలి, వాళ్లు పోతే మొదటి గడి ఖాళీ అయిపోతుంది. బతికున్నవాళ్ల రెండో గడినీ మూడో గడినీ పక్కపక్కన అచ్చు వెయ్యకూడదు, ఎవరి సర్టిఫికెట్టుకూ మన పరిశోధన ముప్పు కాకూడదు. సంఘ పెద్దల్ని అడగాల్సింది కూడా ఉంది. ఈసారి ఒక ఆడబిడ్డకు హాగరు అని పేరు పెట్టి, ఎందుకు పెట్టామో పీఠం మీంచి చెప్పండి.

మా మామ్మ సమాధి మీద రూతమ్మ అని ఒక్క పేరే ఉంది. ఆ రాయి పెట్టించినప్పుడు మాకు ఈ ఆలోచన లేదు. ఈ ఏడాది సమాధుల పండగకు సున్నం వేసేటప్పుడు రెండో పేరు కూడా రాయిద్దామని ఇంట్లో అన్నాం. మా అయ్య చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "పెంటమ్మ అని ముందు రాయి. ఆ పేరు పెట్టబట్టే బతికింది" అన్నాడు.